"పూర్ణమైనది" వచ్చేసిందా? భాషల వరం ఆగిపోయిందా?

సందేహి:
పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 13:8లో "భాషలైనను నిలిచిపోవును" అని ఉంది. పదో వచనంలో "పూర్ణమైనది వచ్చినప్పుడు" అని గడువూ ఉంది. ఆ పూర్ణమైనది కొత్త నిబంధనేనని, అది పూర్తయ్యాక భాషల వరంతో, అంటే నేర్చుకోని భాషల్లో ఆత్మ ప్రేరణతో మాట్లాడే వరంతో, పని తీరిపోయిందని మా సంఘంలో బోధిస్తారు. మా అత్తగారి సంఘంలో మాత్రం ప్రతి ఆదివారం భాషలు మాట్లాడతారు. ఎవరిది సరైన బోధ?

వ్యాకరణం:
మీ సంఘానిదే. ప్రవచనాలకు, జ్ఞానానికి పౌలు వాడిన గ్రీకు క్రియ వేరు, అది "రద్దు చేయబడతాయి" అని. భాషలకు వాడినది "పౌసొంతై", అంటే వాటంతట అవే ఆగిపోతాయి. నాలుగో శతాబ్దం చివర్లో ప్రసంగీకుడు క్రిసోస్తొమ్ కూడా, అప్పటి వరాలు ఇప్పుడు కనబడవు కనుకే పన్నెండో అధ్యాయంలో వరాల గురించిన భాగం అర్థం కావడం కష్టమన్నాడు.

పాత కొరింథు:
వ్యాకరణం గారూ, ఆ క్రియ అంత బరువు మోయలేదు. లూకా 8:24లో యేసు గద్దించగానే గాలి, అలలు ఆగాయి. అక్కడ ఉన్నదీ ఇదే క్రియ; కాలం వేరు, తీరు మాత్రం ఇదే. అలలు వాటంతట అవే ఆగాయంటారా? క్రిసోస్తొమ్ కంటే రెండు వందల ఏళ్ల ముందు, సుమారు 180లో, బిషప్ ఇరేనియస్ తన కాలంలోనూ భాషలు మాట్లాడేవారు ఉన్నారని రాశాడు.

అదే పదమూడో అధ్యాయం పన్నెండో వచనం చూడండి. ఇప్పుడు అద్దంలో చూసినట్టు, అప్పుడు ముఖాముఖి. కొరింథు కంచుకు పెట్టింది పేరు. ఆనాటి అద్దమంటే మెరుగుపెట్టిన లోహపు బిళ్ల, అందులో ముఖం మసకగానే కనిపిస్తుంది. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితా 367 నాటి బిషప్ అతనాసియస్ లేఖలో ఉంది. ఆ ఏడాది ఎవరికైనా దేవుడు ముఖాముఖి కనిపించాడా? ఆ "అప్పుడు" ఎప్పుడో పదిహేనో అధ్యాయంలో ఉంది: కడవరి బూర, మృతుల పునరుత్థానం. కొరింథులో కొందరు పునరుత్థానమే లేదన్నారు. 4:8లో పౌలు "ఇదివరకే తృప్తులయ్యారు, రాజులయ్యారు" అని ఎత్తిపొడిచింది కూడా ఈ ధోరణినే అని నా అనుమానం. అంతా ఇప్పుడే అందిందనుకునేవాడికి రేపటి లేపబడడంతో పనేముంది? నోట దేవదూతల భాష పలుకుతుంటే ఇక పక్కవాడితోనూ పని ఉండదు. "నువ్వు నాకక్కరలేదు" అని కన్ను చేతితో అనజాలదన్న 12:21 పోలిక అందుకే. ఆ ఊరి వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి తవ్వకాల్లో మొక్కుగా ఇచ్చిన మట్టి చేతులు, పాదాలు గుట్టలుగా దొరికాయి, మన గుళ్లలో వెండి కళ్లు సమర్పించినట్టే. కాకపోతే అవి పౌలు కంటే దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందువి, కాబట్టి ఆ పోలిక విన్నవాళ్లు వాటిని చూశారని చెప్పలేం.

వ్యాకరణం:
లూకా వచనం సంగతి ఒప్పుకుంటాను. కానీ 14:27 ప్రకారం ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి. అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనం. ఆ అత్తగారి సంఘంలో ఇలాగే జరుగుతుందా?

సందేహి:
నిన్న వెళ్లాను. ఒకేసారి ఇరవై గొంతులు, పైగా మైకు. అర్థం చెప్పినవారు ఒక్కరూ లేరు. బయటికి వచ్చాక అత్తయ్యగారికి ఆ వచనం చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వేలితో కిందికి జరుపుతూ 14:39 దగ్గర ఆగారు: భాషలతో మాట్లాడడాన్ని ఆటంకపరచవద్దు. "ఇది మీ సంఘంలో చదవరా బాబూ?" అన్నారు.