పెరట్లో స్విమ్మింగ్ పూల్: కిడ్నీ షేపా, ఎల్ షేపా, రెక్టాంగిలా? (కొంపల్లి)

పెరటి_పూల్:
కొంపల్లిలో పడమర ముఖం ఇల్లు. వెనక పెరడు ఉత్తర దక్షిణాలు 50 అడుగులు, ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా 26 అడుగులు. ఈశాన్యం మూల 8×8 సంప్, ఆగ్నేయంలో పెద్ద వేపచెట్టు ఉన్నాయి. ఈత కొట్టేవాళ్లం ఇద్దరం. ఆరేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలున్నారు. మోకాళ్ల నొప్పులకు అమ్మని నీళ్లలో నడవమన్నారు డాక్టరు. కాంట్రాక్టరు కిడ్నీ షేప్ అందంగా ఉంటుందంటున్నారు. నాన్నగారేమో ఎల్ షేప్ అయితే సంప్‌ని తప్పించుకుని పోవచ్చంటున్నారు. ఏది వేయించాలి, ఎందుకో కాస్త వివరంగా చెప్పండి.

కాంక్రీట్_పని:
షేప్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు ముగ్గుపిండితో నేల మీద గీత గీయండి. లోతు 4.5 అడుగులు అనుకుంటే అడుగున వేసే స్లాబు, దాని కింద పీసీసీ (స్టీలు లేని కాంక్రీటు పొర) కలుపుకుని తవ్వకం 6 అడుగుల దగ్గరికి పోతుంది. ప్రహరీ పునాది మామూలుగా 2, 3 అడుగులే ఉంటుంది. దాని పక్కనే 6 అడుగులు తవ్వితే పునాది కింద మట్టి జారి గోడ గుంతలోకి ఒరుగుతుంది. కాబట్టి ఎంత లోతు తవ్వుతారో కనీసం అంత దూరం వదలాలి. ఇంటి వైపు 6, ప్రహరీ వైపు 6 తీసేస్తే మిగిలేది 14. అందులో రెండు వైపులా 8 అంగుళాల గోడ, దాని వెనక షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే పలకల చట్రం) పనికి చోటు పోతే లోపలి వెడల్పు 10 అడుగులు. పొడవులో సంప్‌కి 8, సంప్‌కీ పూల్‌కీ మధ్య 6, దక్షిణాన చెట్టు వైపు 6 వదిలి, గోడలూ పని చోటూ తీసేస్తే 26.

ఈ 10×26లో రెక్టాంగిల్ వేస్తే 260 చదరపు అడుగుల నీళ్లు దొరుకుతాయి. అదే చోట కిడ్నీ వేస్తే, ఒక వైపు వెడల్పు 10, రెండో వైపు 8 అనుకుని, కిడ్నీ షేప్ వైశాల్యానికి వాడే అంచనా సూత్రంతో లెక్కేయండి: 0.45 × (10+8) × 26, అంటే 210. తవ్వే చోటు అదే, 50 చదరపు అడుగులు గాలికి పోతాయి. పైగా మధ్యలో నడుము సన్నబడుతుంది, ఇద్దరు ఎదురెదురుగా ఈదలేరు. వంపులకి షట్టరింగ్ ఖర్చూ ఎక్కువే. కిడ్నీ విశాలమైన ఫామ్‌హౌస్‌లో బాగుంటుంది, మీ పెరటికి కాదు.

ఎల్ షేప్ అయితే నేను అసలు వద్దంటాను. లోపలికి పొడుచుకొచ్చే మూల దగ్గర గోడ మీద లాగుడు ఎక్కువ, బీట మొదలయ్యేది అక్కడే. అదనంగా ఐమూలగా స్టీలు వేయాలి. అంత చేసినా రెండో చేయి సంప్ దగ్గరికే వస్తుంది.

నీటి_లెక్క:
పై లెక్కతో ఏకీభవిస్తాను. ఒక్కటి మాత్రం మార్చండి: లోపలి మూలలు పదును పెట్టకుండా 6 అంగుళాల రేడియస్‌తో గుండ్రం చేయించండి. నిలువు మూలలోకి బ్రష్ దూరదు, పాచి ముందు పట్టేది అక్కడే. కిడ్నీ నడుము వెనక కూడా నీళ్లు కదలక ఇదే తంటా.

3 నుంచి 4.5 అడుగుల లోతుతో దాదాపు 27,500 లీటర్లు. 6 గంటలకోసారి మొత్తం నీళ్లు తిరగాలంటే గంటకి 4,600 లీటర్లు. 20 అంగుళాల సాండ్ ఫిల్టర్ చాలు. వానాకాలంలో మన గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఇల్లు కొంత అడ్డున్నా చెత్త ఈశాన్యానికే చేరుతుంది. స్కిమ్మర్ (నీటి పైన తేలే చెత్తని లాగేది) ఉత్తరపు గోడలో తూర్పు చివర పెట్టండి, నీళ్లు లోపలికి తోసే ఇన్లెట్లు దక్షిణాన. అడుగున డ్రెయిన్లు రెండు ఉండాలి, మధ్య కనీసం 3 అడుగుల దూరం, పైన జుట్టు, వేళ్లు ఇరుక్కోని మూతలు. పిల్లలున్న ఇంట్లో ఒక్క డ్రెయిన్‌తో సరిపెట్టడానికి ఒప్పుకోవద్దు.

ఫిబ్రవరి, మార్చిలో వేపాకు రాలుతుంది, ఉగాదికి పూత రాలుతుంది. రెక్టాంగిల్‌కి రోలర్ కవర్ తేలిగ్గా వేసుకోవచ్చు, వంపుల పూల్‌కి అది అంత తేలిగ్గా కుదరదు. ఎండాకాలంలో రోజుకి 7, 8 మిల్లీమీటర్లు ఆవిరవుతుంది, మీ పూల్‌కి అది 180 లీటర్లు. కవర్ వేస్తే చాలావరకు మిగులుతుంది.

గట్టు రాయికి తాండూరు వద్దు. అది సున్నపురాయి, పీహెచ్ తగ్గించడానికి వాడే యాసిడ్ చుక్క పడితే నురగ వచ్చి తెల్ల మచ్చ మిగులుతుంది. ఫ్లేమ్ ఫినిష్ (మంటతో కాల్చి గరుకు చేసిన) గ్రానైట్ వేయించండి, తడి కాలు జారదు.

పెరటి_పూల్:
ఇద్దరికీ ధన్యవాదాలండి. రెక్టాంగిల్ ఖాయం. పక్క ప్లాటులో 3 అడుగులకే బండ తగిలిందట. మాకూ తగిలితే ఏం చేయాలి? అమ్మకి మెట్లు ఎక్కడ పెట్టాలి?

కాంక్రీట్_పని:
డ్రాయింగ్ ఖాయం చేసేముందే జేసీబీతో గీత లోపల మూడు చోట్ల 6 అడుగుల గుంతలు తీయించండి. బండ ఏ చివర పైకి ఉంటే లోతు తక్కువ వైపు అటు తిప్పండి. రెండు చివరలా తగిలితే పూల్‌ని నేలకి అడుగున్నర ఎత్తులో కట్టొచ్చు, బ్రేకర్‌తో బండ పగలగొట్టే పని తగ్గుతుంది, వాన బురద లోపలికి రాదు. కాకపోతే పైకి లేచిన గోడకి బయట మట్టి ఆసరా ఉండదు, స్ట్రక్చరల్ ఇంజనీరుతో స్టీలు లెక్క వేయించాలి.

ఇంకో సంగతి. బండలో తొలిచిన గుంత గిన్నె లాంటిది, వాన నీళ్లు ఇంకక పూల్ చుట్టూ నిలుస్తాయి. అప్పుడు పూల్ ఖాళీగా ఉంటే కింది నుంచి నీళ్లు మొత్తం కట్టడాన్నే పైకి లేపుతాయి. అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వ్ (కింది నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకుని ఆ నీళ్లని పూల్‌లోకి వదిలేది) పెట్టించండి, వానాకాలంలో పూల్ ఖాళీ చేయకండి. టైల్స్‌కి ముందు 7 రోజులు నీళ్లు నింపి చూడండి. మెట్టు మీద నీళ్లతో ఒక బకెట్ ఉంచి, బకెట్‌లో తగ్గిన దానికన్నా పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకే.

నీటి_లెక్క:
మెట్లు లోతు తక్కువ చివర, ఇంటి వైపు మూలలో పెట్టండి, ఈతకి దారి ఖాళీగా ఉంటుంది. అడుగు వెడల్పు, 9 అంగుళాల ఎత్తు మించకుండా, అన్నీ ఒకే కొలత. పక్కన స్టీలు రెయిలింగ్. లేత నీలం టైల్స్ మీద నీళ్లలో మెట్టు అంచు కనపడదు, అమ్మగారు కాలు తప్పేది అక్కడే. ప్రతి మెట్టు అంచునా ముదురు నీలం మొజాయిక్ ఒక వరస వేయించండి.