అప్‌డేట్: ఇన్‌స్టాలో ఫ్రెండ్స్‌ని చూసి కుళ్ళుకుంటున్నా అని అడిగాను కదా

అందరికీ వందనాలు. ఫ్రెండ్స్ కోకాపేట ఫ్లాట్లు, అమెరికా ఫోటోలు చూసి ప్రార్థన కూడా చేయబుద్ధి కావట్లేదని అడిగితే ఒక అక్క బైబిల్లో 73వ కీర్తన చదవమన్నారు. అది రాసిన ఆసాపు కూడా భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డాడంట, 3వ వచనంలో ఓపెన్‌గా చెప్పేశాడు, 13లో అయితే నేను పవిత్రంగా ఉండి ఏం లాభం అన్నట్టే మాట్లాడాడు, పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళాకే 17లో టోన్ మారింది. దేవుడితో ఇంత ఓపెన్‌గా గొడవపడొచ్చా అనిపించింది! యోహాను సువార్త 21వ అధ్యాయంలో పేతురు ఇంకో శిష్యుణ్ణి చూపించి ఇతని సంగతేంటి అంటే యేసు అది నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నాడు, నన్నే అన్నట్టుంది, నవ్వొచ్చింది. యాప్ తీసేయలేదు, యూత్ మీటింగ్ మెసేజ్‌లు అందులోనే వస్తాయి మరి. అమీర్‌పేట మెట్రోలో మాత్రం రీల్స్ బదులు ఆడియో బైబిల్. పెళ్ళి ఫోటోలు చూస్తే ఇంకా చురుక్కుమంటది, అప్పుడు వాళ్ళ పేర్లు పెట్టే ప్రార్థన చేస్తున్నా.