రక్తం కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) ముందే సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ పడింది, ఇప్పుడెట్లా?

పరకాల దగ్గరి పల్లెలో 34 ఏళ్ల ఆమె. చిన్నప్పటి కీళ్లజ్వరంతో గుండెలోని మైట్రల్ వాల్వ్ దెబ్బతిన్నది. మూడు వారాలుగా పొద్దుగూకితే చలిజ్వరం. టైఫాయిడ్ అనుకొని సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 1 గ్రాము, 5 రోజులు ఇచ్చారు. తగ్గింది, ఆపిన నాలుగో నాడు మళ్లీ మొదలు. చూపుడువేలి గోరు కింద ముల్లు విరిగినట్టు సన్నని ఎర్రగీతలు రెండు. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, వాల్వ్‌లకు ఇన్ఫెక్షన్) అని గట్టి అనుమానం.

ఛాతీ మీద నుంచి తీసిన ఎకోలో వెజిటేషన్ (వాల్వ్ మీద క్రిములతో పేరుకునే గడ్డ) కనబడలేదు. అంతమాత్రాన లేదనలేం, చిన్నవి అందులో దొరకవు. కల్చర్ తీసింది ఒక్క బాటిల్, 3 మి.లీ. రక్తం. 'నో గ్రోత్' (క్రిములేవీ పెరగలేదు) అన్నారు. యాంటీబయాటిక్ పడ్డాక, అంత తక్కువ రక్తంతో వచ్చిన ఆ రిపోర్టును నమ్మలేం. మూడు చోట్ల విడివిడిగా గుచ్చి, బాటిల్‌కు 8–10 మి.లీ. చొప్పున, మొదటిదానికీ చివరిదానికీ గంటైనా ఎడంతో తీయాలి. చర్మం మీద, రబ్బరు మూత మీద స్పిరిట్ ఆరేదాకా ఆగాలి. లేకుంటే చర్మం మీది క్రిములే పెరిగి దారి తప్పిస్తాయి.

ఇప్పుడు బీపీ బాగుంది, ఆయాసం లేదు. ఇంకెన్ని రోజులు మందు ఆపి కల్చర్ మళ్లీ తీయొచ్చు? ఆహారనాళం గుండా చేసే ఎకో హనుమకొండలో ఎక్కడుంది, ఆరోగ్యశ్రీలో అవుతుందా? ఇంట్లో మేకల ఈతలు ఈమెనే చూస్తుంది కాబట్టి కాక్సియెల్లా, బ్రూసెల్లా (పశువుల నుంచి సోకే బాక్టీరియా) పరీక్షలు కూడా కావాలి. వాటి శాంపిల్ హైదరాబాద్‌కే పంపాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. 'ఇంకో రెండు రోజులు ఇంజక్షన్ వేసి చూడండి' అని మాత్రం అనకండి.