స్క్రీన్ మీద 18.4, ట్యాంకు లెక్కలో 16.9 – దేన్ని నమ్మాలి?

నాలుగో గేరు
పెట్రోలు బండి. పాతదే, కానీ ఇబ్బంది లేకుండా నడుస్తోంది. వరసగా ఆరు ఫుల్ ట్యాంకులు రాసిపెట్టా. ప్రతిసారీ అదే పంపు, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనేశా. స్క్రీన్ సగటు లీటరుకు 18.4 కి.మీ., నా లెక్క 16.9. ఒకసారి అటూ ఒకసారి ఇటూ అయితే నింపడంలో తేడా అనుకునేవాణ్ణి. ఆరుకి ఆరుసార్లూ స్క్రీనే ఎక్కువ చెబుతోంది. అసలు ఎంత పెట్రోలు పోయిందో ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) ఎలా తెలుస్తుంది, ట్యాంకులో ఫ్లోట్ చూసా? ఈ తేడా సరిచేసుకోవచ్చా? "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది" అనే అంకె కూడా ఈ లెక్క మీదే వస్తుందా?

దూరం బండి
ముందు టైర్లు చూసుకో, అన్నా. నేను ఒక సైజు పెద్దవి వేయించిన రోజు నుంచి స్క్రీన్ మీద మైలేజీ పడిపోయింది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగించా, ప్లగ్గులు మార్పించా, అంతా దండగ. చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తున్నా బండి మాత్రం పాత చుట్టుకొలతతోనే లెక్కేస్తోందని చాలా ఆలస్యంగా తెలిసింది.

లెక్కల మనిషి
టైరు సంగతి నిజమే, కానీ ఇక్కడ అతకదు. ట్యాంకు లెక్కకి ఆయన వాడిన కిలోమీటర్లూ ఆ బండి ఓడోమీటర్‌వే కదా. దూరం తప్పయితే రెండు అంకెలూ ఒకేలా తప్పుతాయి, వాటి మధ్య తేడా రాదు. 18.4ని 16.9తో భాగిస్తే సుమారు 1.09. ఆ 9 శాతం మొత్తం పెట్రోలు వైపే ఉంది.

దూరం బండి
స్పీడోమీటర్ ముల్లు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది కదా, దాని ప్రభావం ఉండదా?

లెక్కల మనిషి
ముల్లు వేరు, ఓడోమీటర్ వేరు. అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని నిబంధన ఉంది కాబట్టి ముల్లుని కావాలనే కాస్త పైకి పెడతారు. దూరం లెక్కలో ఆ కలుపుడు ఉండదు.

ముప్పై ఏళ్ల స్పానర్
ఇంత చర్చ ఎందుకు? ఇంజెక్టర్లు మూసుకుపోయాయి. దింపి శుభ్రం చేయించు, రెండు అంకెలూ కలుస్తాయి. 1967లో వచ్చిన బాష్ వాళ్ల పెట్రోలు ఇంజెక్షన్ వ్యవస్థ డీ-జెట్రానిక్ నుంచి, ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నీ ఒకే పెట్టెలో కలిపిన 1979 నాటి మోట్రానిక్ దాకా అన్నిటినీ నా చేత్తో విప్పి బిగించా. పాత బండిలో మైలేజీ గొడవ వస్తే పదింటిలో ఏడుసార్లు ఇంజెక్టరే.

పల్స్ లెక్క
ఇంజెక్టర్ అనుమానం సరే, దిశ తప్పు సార్. ఈసీయూ ట్యాంకుని చూడదు, పెట్రోలుని కొలవదు. ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉంచానో దానికి తెలుసు. నిమిషానికి ఎన్ని సీసీలు పోస్తుందో తయారీలోనే రాసిపెట్టారు. రెండూ గుణిస్తుంది, అంతే.

ఒక ఇంజెక్టర్ 200 సీసీలది అనుకోండి, నాలుగు సిలిండర్లు, 2400 ఆర్‌పీఎం. రెండు చుట్లకొకసారి తెరుచుకుంటుంది కాబట్టి నిమిషానికి 1200 సార్లు. పెట్రోలు నిజంగా పడే సమయం ప్రతిసారీ 3 మిల్లీసెకన్లు అనుకుంటే నిమిషంలో 3.6 సెకన్లు, అంటే 12 సీసీలు. నాలుగింటికీ 48. గంటకి 2.88 లీటర్లు. అదే వేళ బండి 60 మీద వెళ్తుంటే లీటరుకు 20.8.

కరెంటు ఇచ్చినంత మాత్రాన ఇంజెక్టర్ లోపలి సూది వెంటనే లేవదు. అటూ ఇటూగా ఒక మిల్లీసెకను వృథా, దాన్నే డెడ్ టైం అంటారు. బ్యాటరీ వోల్టేజీ తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. పై లెక్కలో కరెంటు ఇచ్చిన మొత్తం 4 మిల్లీసెకన్లనీ పట్టుకుంటే లీటరుకు 15.6 వస్తుంది. ఒక్క మిల్లీసెకను దగ్గర తప్పితే 5 కిలోమీటర్లు ఎగిరిపోయాయి చూడండి.

ఇప్పుడు ఇంజెక్టర్ సగం మూసుకుపోయిందనుకుందాం. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ "పెట్రోలు చాల్లేదు" అంటుంది, ఈసీయూ పల్స్ (ఇంజెక్టర్‌కి కరెంటు ఇచ్చే సమయం) పెంచుతుంది. నిజంగా పడే పెట్రోలు పాత లెక్కకే వస్తుంది, కానీ పల్స్ పెరిగింది కాబట్టి ఎక్కువ పోశానని అది అనుకుంటుంది. స్క్రీన్ మైలేజీ తగ్గాలి. నాలుగో గేరు గారికి పెరిగింది. ఆయన ఇంజెక్టర్లు మూసుకుపోలేదు.

ముప్పై ఏళ్ల స్పానర్
కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. మూసుకుపోయిన ఇంజెక్టర్‌ని టెస్ట్ బెంచి మీద పెట్టి, గాజు గొట్టంలో సీసీలు పడుతుంటే ఎప్పుడైనా చూశావా నువ్వు? ఒకటి 40 పోస్తుంటే పక్కది 52 పోస్తుంది. స్కానర్ కొన్న ప్రతివాడూ మెకానిక్ అయిపోతే మేమెందుకు?

పల్స్ లెక్క
చూడలేదు. నా దగ్గర బెంచి లేదు. అయినా 40, 52 అని మీరు చెప్పిన అంకెలే నా మాటని బలపరుస్తున్నాయి. తక్కువ పోసే ఇంజెక్టర్ వల్ల స్క్రీన్ ఎక్కువ మైలేజీ ఎలా చూపిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి, ఒప్పుకుంటా.

కొండదారి
మీ గొడవ మధ్యలో నాదొకటి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే గంటకి 0.8 లీటర్లు చూపిస్తోంది, గేరులో ఉంచి కాలు తీసేస్తే సున్నా. మా ఇంట్లో అందరూ న్యూట్రలే పొదుపు అని వాదిస్తారు. మా నాన్నగారు ఇప్పటికీ నమ్మడం లేదు.

పల్స్ లెక్క
మీదే కరెక్టు. గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఈసీయూ ఇంజెక్టర్లని పూర్తిగా మూసేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే పోయాల్సిందే. గేరులో ఉంటే మాత్రం ఆర్‌పీఎం ఐడిల్ దగ్గరికి వచ్చాకే మళ్లీ పోయడం మొదలెడుతుంది.

ముప్పై ఏళ్ల స్పానర్
దిగుడులో న్యూట్రల్ వేయకండి, మైలేజీ కోసం కాదు, బ్రేకుల కోసం. ఇంజిన్ పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి కాలిపోతాయి. మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి.

డీజిల్ రాత్రులు
నేను ఫోన్‌లో యాప్ పెట్టి బ్లూటూత్ ఓబీడీ ప్లగ్గుతో (ఈసీయూ అంకెలు బయటికి చదివేది) చూస్తున్నా. దిగుడులో కూడా పోస్తున్నట్టే చూపిస్తోంది, మామూలుగా కూడా ట్యాంకు లెక్కకి దగ్గర్లో లేదు. మరి మీరు చెప్పే పల్స్ లెక్క ఎక్కడ?

లెక్కల మనిషి
మీ యాప్ పల్స్ చూడదు తమ్ముడూ. లోపలికి పోయే గాలి బరువుని మాస్ సెన్సర్ నుంచి తీసుకుని 14.7తో భాగిస్తుంది. ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి అన్న లెక్క అది. డీజిల్ ఎప్పుడూ మిగులు గాలితోనే నడుస్తుంది, కాబట్టి నీ బండికి ఆ లెక్క పనికిరాదు. ఇంజెక్టర్లు మూసుకున్నా గాలి పోతూనే ఉంటుంది, అందుకే దిగుడులో కూడా అంకె కదులుతోంది. కొన్ని బండ్లలో ఈసీయూ తన సొంత లీటర్ల లెక్కని నేరుగా ఇస్తుంది, యాప్‌లో అది దొరుకుతుందేమో చూడు. పెట్రోలులో ఇథనాల్ కలిసినా 14.7 తగ్గాలి. 10 శాతం కలిస్తే దాదాపు 14.1. అక్కడ యాప్ అసలు కన్నా తక్కువ పోసినట్టు చెబుతుంది.

దూరం బండి
ఐరోపాలో 2021 నుంచి కొత్త కార్లన్నీ తాగిన ఇంధనాన్ని బండిలోనే నమోదు చేయాలట, తేడా 5 శాతం దాటకూడదట. 9 శాతం అంటే అందులోనూ ఫెయిలే.

నాలుగో గేరు
నా ప్రశ్న మర్చిపోలేదుగా? ఫ్రెండు స్కానర్ తెచ్చి చూశా. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పల్స్‌కి ఈసీయూ నిలకడగా చేస్తున్న సవరణ) మైనస్ 8 శాతం దగ్గర నిలబడింది. ఎర్రర్ కోడ్ ఏదీ లేదు.

పల్స్ లెక్క
మైనస్ అంటే పల్స్ తగ్గిస్తోంది. అనుకున్న దానికన్నా ఇంజెక్టర్లు ఎక్కువ పోస్తున్నాయి. తగ్గించిన పల్స్‌నే లెక్కపెట్టుకుని "తక్కువ తాగా" అని స్క్రీన్ మీద రాస్తోంది. 9 శాతం ఎక్కడిదో దొరికింది. ఎందుకు ఎక్కువ పోస్తున్నాయన్నదే తేలాలి.

ముప్పై ఏళ్ల స్పానర్
మైనస్ 8 అని మొదటే చెప్పి ఉంటే ఇంజెక్టర్ మాట ఎత్తేవాణ్ణి కాదు. దిశ నేనే తప్పు చెప్పా, పల్స్ లెక్క అన్నదే సరి. ఇక నా మాట విను. పాత బండి అన్నావు, పెట్రోలు ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ లైను ఉండి ఉంటుంది. ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం, అంటే ఫ్యూయల్ రైలు చివర పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్, దాని నెత్తిన సన్నటి రబ్బరు వాక్యూమ్ గొట్టం ఉంటాయి. ఆ గొట్టాన్ని చేత్తో వంచి చూడు, పగిలి ఉంటుంది. ఊడదీసి లోపల పెట్రోలు తడి ఉందేమో కూడా చూడు. తడి ఉంటే రెగ్యులేటరే పోయింది, బండి తీయకు.

పల్స్ లెక్క
అద్భుతం సార్, ఇది నాకు తట్టలేదు. గొట్టం పనిచేస్తే రైలు పీడనం మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) కన్నా ఎప్పుడూ 3 బార్లు ఎక్కువ ఉండాలి. గొట్టం పగిలితే బయటి గాలి కన్నా 3 ఎక్కువ ఉంటుంది. బయటి గాలి 1 బార్, మామూలు వేగంలో మానిఫోల్డ్ 0.4 దగ్గరుంటే తేడా 3.6 అవుతుంది. ప్రవాహం పీడనం తేడాకి వర్గమూలంగా పెరుగుతుంది. 3.6ని 3తో భాగించి వర్గమూలం తీస్తే 1.095.

నాలుగో గేరు
గొట్టం కొస దగ్గర వెంట్రుకవాసి చీలిక. తడి లేదు. కొత్త ముక్క వేసి ట్రిమ్ చెరిపేశా. రెండు ట్యాంకులు అయ్యాయి: స్క్రీన్ 17.3, నా లెక్క 17.1. స్పానర్ గారూ, పల్స్ గారూ, ఇద్దరికీ దండం. నిజం మైలేజీ పెద్దగా మారలేదు, స్క్రీనే దిగొచ్చింది.

"ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అన్న నా మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు!

లెక్కల మనిషి
మీరన్న ఫ్లోట్ వచ్చేది అక్కడే. మిగిలిన లీటర్లు ఫ్లోట్ చెబుతుంది, దాన్ని ఈ మధ్య వచ్చిన సగటుతో గుణిస్తుంది. ఇన్నాళ్లూ మీకు ఆ అంకె కూడా 9 శాతం ఎక్కువే చెప్పి ఉంటుంది.

డీజిల్ రాత్రులు
నా బండికి రెగ్యులేటర్ మీద గొట్టమే లేదు. యాప్‌లో లీటర్ల లెక్క కూడా దొరకలేదు. ఎవరైనా చూస్తారా?