సమస్య: "కప్ప గెంతగ నిల్చెను కాలమెల్ల"

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి. జపాన్ హైకు కవి బషో 1686 నాటి పద్యంలోని కప్ప మీకు తెలిసిందే. పాత చెరువు, కప్ప దూకింది, నీటి చప్పుడు. అంతే. ఆ ఏడే ఎడోలో (ఇప్పటి టోక్యో) బషో బృందం అచ్చంగా కప్పల మీద పద్యాల పోటీ పెట్టుకుంది, ఇద్దరిద్దరి చొప్పున, తీర్పులతో సహా. మొదటి జతలోనే ఈ కప్ప ఉంది. మనమూ ఆ గట్టునే కూర్చుందాం. పాదాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు: కాలమంతా ఆగిపోయిందనీ, చప్పుడు కాలమంతా నిలిచిందనీ. ఏది పట్టుకున్నా సరే. యతి తప్పితే మాత్రం ఊరుకోను.

పాతకాపు:
పాత కొలనొక్కటున్నది, పక్కనెవరు
లేరు, గాలియు వీవదు, లేదు చప్పు
డట్టి సంజను నా బషో యాలకింప
కప్ప గెంతగ నిల్చెను కాలమెల్ల

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలూ మాట్లాడినట్టే సాగాయి, బాగుంది. మూడోదాంట్లో సంజ ఎందుకొచ్చిందండీ? గణం కోసమే కదా! బషో పద్యంలో సాయంత్రం లేదు. ఋతువు ఉంది, అదీ కప్పలోనే ఉంది. జపాన్ కవులకు కప్ప అంటే వసంతం. అలా ఋతువును పట్టిచ్చే మాటను కిగో అంటారు. "డట్టి చైత్రాన నా బషో" అనండి. గణమూ నిలబడుతుంది, కిగో కూడా.

పాతకాపు: అప్పుడు "నా బషో" అని, నా సొంతం అయిపోడూ?

నిర్వాహకుడు: అవనివ్వండి. అలా అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

గోదావరిగట్టు:
గొలుసు తెగిపోయె; తొలిపూస కులికె నొంటి;
షికియె హైకని పేరిడ చిన్ని పద్య
మదియె లోకము చుట్టగ మనదియయ్యె;
కప్ప గెంతగ నిల్చెను కాలమెల్ల

పాతకాపు: మొదటి పాదానికి చప్పట్లు. గొలుసేమిటో చెప్పండి మరి.

గోదావరిగట్టు: రెంగా అండీ. ఒకరు 5-7-5 లెక్కలో మూడు పాదాలు చెబితే ఇంకొకరు 7-7 లెక్కలో రెండు అందుకుంటారు, దాన్ని పట్టుకుని మరొకరు 5-7-5. పాతరోజుల్లో వంద దాకా సాగేది, బషో వాళ్ళు ఎక్కువగా 36తో సరిపెట్టారు. మొదటి పద్యం పేరు హొక్కు. దాన్నే మసావొక షికి (1867–1902) విడిగా నిలబెట్టి హైకు అన్నాడు.

నిర్వాహకుడు: గొలుసు తెంచింది షికి ఒక్కడే అనిపిస్తోంది మీ పద్యం చదివితే. బషో కాలంలోనే హొక్కులు విడిగా అచ్చయ్యాయి. షికి చేసింది, ఇక గొలుసు అక్కర్లేదని తేల్చి చెప్పడం. పైగా మూడో పాదానికీ సమస్యకూ అతుకు కనబడుతోంది. లోకమంతా తిరిగిన పద్యం నుంచి కప్పలోకి ఎలా దూకారు? 1916లో జపాన్ వెళ్ళిన టాగోర్ ఆ కప్పనే బెంగాలీలోకి తెచ్చారు. "మనదియయ్యె" అన్నదానికి ఆ దారిన వస్తే అతుకు ఉండేది కాదు.

కొత్తసభ్యురాలు: ఒక్క పాదమే వచ్చింది, తిట్టకండి. "చెరువు గట్టున కూర్చున్న వాడొకండు". ఇంకో డౌటు. తెలుగు హైకులో 5-7-5 అక్షరాలు లెక్కపెడితే చాలా?

నిర్వాహకుడు: "చె"కి "వా" యతి ఎలా కుదురుతుందమ్మా? "చెరువు గట్టున కూర్చుండి చెవి నొసంగ" అంటే సరి. ఇక లెక్క సంగతి. జపనీయులు లెక్కపెట్టేది మన అక్షరం లాంటిది కాదు, మాత్రకు దగ్గర. దీర్ఘానికి రెండు, పొల్లు నకారానికి ఒకటి. టోక్యో మనకు రెండక్షరాలు, వాళ్ళకు నాలుగు. గురువు, లఘువు తెలిసిన చెవికి ఇది కొత్తేం కాదు. అక్షరాలు లెక్కపెట్టి హైకు అనేస్తే నాకు మనసొప్పదు, కానీ తెలుగులో అలా రాసినవాటిలో మంచివి ఉన్నాయి, కాదనను.

పాతకాపు: ఇంతకీ మన సమస్యాపూరణం వాళ్ళకు ఉందా?

నిర్వాహకుడు: లేకేం! 16వ శతాబ్దంలో యమజాకి సోకన్ కూర్చిన సంకలనంలో ఒక 7-7 ఉంది: నరకాలనీ ఉంది, నరకాలనీ లేదు. మన అవధాని ముందు పెట్టినా తడుముకునే రకం. దానికి పైన 5-7-5 ఇలా పడింది: దొంగను పట్టుకుని చూస్తే నా కొడుకే. హొక్కు పుట్టిన ఇంట్లోనే ఈ పొడుపూ విడుపూ ఉండేవి. తర్వాత ఇలా కింది 7-7 ఇచ్చి పై 5-7-5 కట్టించే పోటీలు ఊపందుకుని, వాటిలోంచే సెన్ర్యూ వచ్చింది. అదీ 5-7-5 పొట్టి పద్యమే, కిగో పట్టింపు లేదు, వెటకారం మెండు.

కాబట్టి వచ్చేవారం సమస్య తేటగీతిలోనే: "చంపవలెనని యున్నది, చంపలేను". దొంగ కొడుకును మాత్రం సోకన్ పుస్తకంలోనే వాడేశారు. దోమతో మొదలుపెట్టేవాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళు కాస్త ఆగి రావాలి.