అప్‌డేట్: ‘సబ్మిటెడ్’ పేపర్‌ని ఎరాస్‌లో పెట్టాను, ఏమైందంటే

పోయిన ఆగస్టులో ఇక్కడ అడిగాను కదా, జర్నల్‌కి పంపి ఇంకా జవాబు రాని కేస్ రిపోర్టుని (ఒక రోగి కేసు మీద రాసిన పేపర్) ఎరాస్‌లో, అంటే అమెరికా రెసిడెన్సీకి (డాక్టర్ల పీజీ ట్రైనింగ్) ఆన్‌లైన్‌లో పెట్టే అప్లికేషన్‌లో, ఎలా చూపించాలని. మా సీనియర్ ఒకాయన “పబ్లిష్డ్ అని పెట్టెయ్, ఎవడు చూస్తాడు” అన్నాడు. మీరంతా వద్దంటే వద్దన్నారు. మీ మాటే విన్నాను.

ఎరాస్‌లో ఇంకా అచ్చవని పేపర్లకు సబ్మిటెడ్, యాక్సెప్టెడ్, ఇన్ ప్రెస్ (అచ్చులో ఉంది) అని స్థితి చెప్పే వీలుంది. నాది సబ్మిటెడ్. అదే కేసు మీద సదస్సు కోసం వేసిన పోస్టర్‌ని పోస్టర్ కిందే విడిగా చూపించాను. అచ్చయిన ఒకే ఒక్క పేపర్‌కి పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితా) నంబర్ ఇచ్చాను. దాని రచయితల్లో నాది నాలుగో పేరు, నాలుగో చోటే ఉంచాను. (కాస్త ముందుకి జరపాలని చెయ్యి లాగింది, అబద్ధమెందుకు.)

తమాషా ఏంటంటే, అప్లికేషన్ సర్టిఫై చేసి సబ్మిట్ కొట్టిన మూడు వారాలకి జర్నల్ నుంచి ఆ కేస్ రిపోర్టుకి యాక్సెప్టెన్స్ మెయిల్ వచ్చింది! ఒకసారి సబ్మిట్ కొట్టాక ఆ భాగం మార్చడం కుదరదు. తల పట్టుకున్నాను. చివరికి అప్లై చేసిన రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లకి ఆ సంగతి చెబుతూ రెండు లైన్ల మెయిల్ పెట్టాను. సగం మంది జవాబే ఇవ్వలేదు.

ఒక ఇంటర్వ్యూలో మాత్రం పది నిమిషాలు ఆ పేపరే. రోగికి స్టెరాయిడ్లు ఎందుకు ఆపారు, నువ్వు స్వయంగా చేసిందేంటి అని గుచ్చి గుచ్చి అడిగారు. గుంటూరులో ఇంటర్న్‌గా ఆ కేస్‌షీట్ రాసింది నేనే కాబట్టి గడగడా చెప్పేశాను. ఆ నాలుగో పేరు పేపర్ గురించి అడిగుంటే నీళ్లు నమిలేవాణ్ని.

ర్యాంక్ లిస్ట్ (ప్రోగ్రామ్‌లని నాకిష్టమైన వరుసలో) వేసేశాను. మ్యాచ్, అంటే ఎవరికి ఏ ప్రోగ్రామో తేలేది, మార్చిలో.