సీ లాంగ్వేజ్: ఎం_పీఐ ఒకచోట కంపైల్ అవుతోంది, ఇంకోచోట ఎర్రర్

ప్రశ్న:
మ్యాథ్ హెడర్ ఇంక్లూడ్ చేసే ఉంది. జీసీసీ కంపైలర్‌లో ఏ ఫ్లాగూ లేకుండా ఐతే ఎం_పీఐ (M_PI, అంటే π విలువకి పెట్టిన పేరు) బాగానే పనిచేస్తోంది. సీ11 స్టాండర్డ్ ఫ్లాగ్ ఇవ్వగానే ‘అన్‌డిక్లేర్డ్’ అంటోంది. విజువల్ స్టూడియోలోనూ అదే గోల. నేనే 22/7 అని డిఫైన్ చేసుకుంటే పోదా? ఇంకోటి, సైన్(ఎం_పీఐ) సున్నా రాకుండా 1.2246 × 10⁻¹⁶ వస్తోందేంటి?

జవాబు 1:
ఎం_పీఐ అసలు ఐఎస్ఓ సీ స్టాండర్డ్‌లో లేదండీ, అది పోసిక్స్‌ది (యూనిక్స్ తరహా సిస్టమ్స్ పాటించే ప్రమాణం). సీ11 అని కచ్చితంగా అడిగితే లైనక్స్‌లో హెడర్ దాన్ని దాచేస్తుంది. ఫ్లాగ్‌లో సీ11 బదులు జీఎన్‌యూ11 (సీ11కి జీసీసీ అదనాలు కలిపిన రూపం) ఇవ్వండి. లేదా _ఎక్స్‌ఓపెన్_సోర్స్‌ని 700గా డిఫైన్ చేయండి. విజువల్ స్టూడియోలో ఐతే _యూజ్_మ్యాథ్_డిఫైన్స్ అని డిఫైన్ చేయాలి.

22/7 మాత్రం వద్దు. రెండూ ఇంటిజర్లే కాబట్టి సీలో దాని విలువ 3! వృత్తాల చుట్టుకొలతలన్నీ తప్పుతాయి, కంపైలర్ కిక్కురుమనదు. 3.14 అన్నా, 1000 మీటర్ల వ్యాసార్థానికి చుట్టుకొలత దాదాపు 3.19 మీటర్లు తగ్గుతుంది. మాక్రోలు (ఇలా డిఫైన్ చేసిన పేర్లు) వద్దనుకుంటే ఏకాస్(-1.0), అంటే -1 కి విలోమ కొసైన్, వాడండి, ఏ కంపైలర్‌లోనైనా నడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
విజువల్ స్టూడియోలో మ్యాథ్ హెడర్‌కి సరిగ్గా పైలైన్‌లోనే డిఫైన్ పెట్టాను. అయినా అదే ఎర్రర్.

జవాబు 2:
దానికంటే పైన ఇంకేదో హెడర్ ఉండి, అది లోపల మ్యాథ్ హెడర్‌ని ముందే లాగేసి ఉంటుంది. రెండోసారి ఇంక్లూడ్ చేసినా ఇంక్లూడ్ గార్డ్ (ఒకే హెడర్ రెండుసార్లు చేరకుండా చూసే ఏర్పాటు) ఆపేస్తుంది, మీ డిఫైన్‌ని పట్టించుకునేవాళ్లుండరు. ఫైల్ మొదటి లైన్‌కి మార్చండి. ఇంకా మేలు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రీప్రాసెసర్ డెఫినిషన్స్ కింద పెట్టేయండి.

సైన్ సంగతి: తప్పు సైన్‌ది కాదు. డబుల్‌లో (64 బిట్ల దశాంశ సంఖ్యల రకం) పట్టే π విలువ 3.141592653589793116..., అసలు π కంటే 1.2246 × 10⁻¹⁶ తక్కువ. π దగ్గర సైన్ విలువంటే దాదాపు ఆ తేడాయే, మీకు కనిపించింది కూడా అదే. ఫ్లోట్‌లో (డబుల్ కంటే తక్కువ కచ్చితత్వం ఉన్న రకం) నిల్వయ్యే విలువ అసలు దానికంటే కాస్త ఎక్కువ, అందుకే అక్కడ -8.74 × 10⁻⁸ అని మైనస్‌లో వస్తుంది. సున్నాతో ‘==’ పెట్టి పోల్చకండి. ఫ్యాబ్స్‌తో గుర్తు తీసేసిన విలువ తీసుకుని, మీ లెక్కకి సరిపడే హద్దుతో, ఉదాహరణకి 10⁻¹² కంటే తక్కువా అని చూడండి.

జవాబు 3:
సీ++20కి మారగలిగితే ఈ మాక్రోల తంటా ఉండదు. నంబర్స్ హెడర్‌లో π, e, రూట్ 2 అన్నీ ఉన్నాయి. ఫ్లోట్‌కి పై_వీ టెంప్లేట్ వాడండి, లేకపోతే లెక్కంతా తెలియకుండానే డబుల్‌లోకి పోతుంది.